భయపడడం తెలిసిన పద్యాలు

ధైర్యాన్ని చాటుకున్న కవిత్వంలో నిలిచింది తక్కువ, భయాన్ని దాచుకోని కవిత్వంలో నిలిచింది ఎక్కువ. ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెబుతూ, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ కవిసభల్లో కూర్చుని వింటూ నేను చేరుకున్న అభిప్రాయం ఇది. దీనికి మా ప్రాంతంలో ఎదురుమాట వెంటనే వస్తుందని నాకు తెలుసు. సాయుధ పోరాటం నడిచిన నేల మీద నిలబడి భయం గురించి మాట్లాడడం చాలామందికి నచ్చదు. ఇక్కడి పాట అంటే తిరుగుబాటు అనీ, ఇక్కడి కవి అంటే వెరపు ఎరుగనివాడు అనీ చిన్ననాటి నుంచి వింటూ పెరిగాం. ఆ కీర్తిని తగ్గించే ఉద్దేశం నాకు లేదు. ఆ పాటల్నీ పద్యాల్నీ పాదం పాదంగా విప్పి చూస్తే, వాటిని కట్టినవారికి భయం ఎంత దగ్గరగా తెలుసో, ఆ భయాన్ని ఏ పిలుపుతో, ఏ నడకతో, ఏ రూపకంతో పట్టుకొని అడుగు ముందుకు వేశారో కనబడుతుందన్నదే నా వాదన.

మన పరీక్షపత్రాల్లో ‘కింది పాదంలోని అలంకారాన్ని గుర్తించండి’ అనే ప్రశ్న తరచుగా వస్తుంది. విద్యార్థి ఉపమ అనో రూపకం అనో రాస్తాడు, మార్కులు పడతాయి, అక్కడితో ఆ పద్యం సంగతి ముగుస్తుంది. ఆ కవి ఆ చోట ఆ రూపకాన్నే ఎందుకు పట్టుకోవలసి వచ్చిందని ఎవరూ అడగరు. పద్యం పూర్తయ్యాక పైన తొడిగిన నగ అలంకారమనే భావన ఆ ప్రశ్నలోనే దాగి ఉంది. మన ఆలంకారికులు ఇంత పైపైన ఆలోచించలేదు. భరతుడు భయానక రసానికి భయాన్ని, వీర రసానికి ఉత్సాహాన్ని స్థాయిభావాలుగా, అంటే రసానికి మూలమైన నిలకడ భావాలుగా చెప్పాడు. ఈ రెండు రసాలూ ఒకదానికొకటి విరోధులు కనుక వాటిని ఒకే ఆశ్రయంలో, అంటే ఒకే పాత్రలో ఉంచరాదని, వీరాన్ని నాయకుడిలో నిలిపి భయాన్ని అతని ప్రతిపక్షంలో చూపితే దోషం ఉండదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఉపాయం చెప్పాడు.

ఈ ఉపాయం ఎంత బలమైనదో మన సభల్లో ప్రతిసారీ చూస్తున్నాం. ధైర్యమంతా మనది, భయమంతా శత్రువుది అని పంచి రాసిన కవితలు ఎన్ని వినలేదు! శత్రువు గడగడ వణుకుతాడు, కోటలు కూలుతాయి, కవి మాత్రం మొదటి పాదం నుంచి చివరి పాదం దాకా ఒకే గొంతుతో గర్జిస్తాడు. చప్పట్లు పడతాయి కాని ఇంటికి వెళ్లేసరికి ఒక్క పాదమూ గుర్తుండదు. ఆనందవర్ధనుడి సూత్రాన్ని తప్పుపట్టేంతటివాణ్ణి కాను. ఆయన మాట్లాడింది రసభంగం గురించి. అయితే మన భాషలో నిలిచిన సాహస కవిత్వం చాలావరకు ఆ హద్దును దాటి, భయాన్నీ తెగింపునూ ఒకే మనిషి ఒంట్లో పెట్టింది. అట్లా పెట్టడం చాలా కష్టమైన పని. అలంకారాలు, ఛందస్సు, వాక్యనిర్మాణం నిజంగా అవసరమయ్యేది అక్కడే.

భయాన్ని చూపడం ఎట్లాగో నేర్చుకోవడానికి శాకుంతలం మొదటి అంకంలోని లేడి పద్యం కంటే మంచి పాఠం లేదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో భయానకానికి ఉదాహరణగా ఎత్తుకున్నది ఆ పద్యాన్నే. తరుముకొస్తున్న రథాన్ని మెడ తిప్పి మాటిమాటికీ చూసుకుంటూ, బాణం తగులుతుందేమోనని వెనుక భాగాన్ని ముందుకు ముడుచుకుంటూ, అలసటతో తెరుచుకున్న నోటి నుంచి సగం నమిలిన దర్భలు దారి పొడుగునా రాలుతూ ఉండగా ఆ లేడి పరుగెడుతుంది. భయం అన్న మాట పద్యంలో ఒకసారి వస్తుంది. మన గుండె జారేది మాత్రం ఆ మాటకు కాదు, సగం నమిలిన ఆ గడ్డికి. క్షణం కిందటి దాకా అది నిశ్చింతగా మేస్తున్నదని ఆ గడ్డి చెబుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపే స్వభావోక్తి అలంకారం చేసే పని ఇదే.

పోతన గజేంద్రుడి దగ్గరికి వచ్చేసరికి పని ఇంకా లోతుకు వెళుతుంది. ఈ పద్యాలు మనకు కంఠస్థం కావడం వల్ల వాటిలోని వణుకు వినిపించకుండా పోయింది. పండుగపూట పాడుకునే భక్తి పద్యాలుగానే మిగిలిపోయాయి. ఒకసారి కొత్తగా చదవండి. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్’. శార్దూలం పెద్ద పెద్ద సమాసాలకు ఇల్లు వంటి వృత్తం. పాదం పొడుగునా ఒకే సమాసాన్ని సాగదీసే వీలు అందులో ఉంది, ఆ పని పోతనకు చేతకానిదీ కాదు. అంత విశాలమైన వృత్తాన్ని తీసుకొని ఆయన దాన్ని రెండు మూడు మాటల చిన్న చిన్న వాక్యాలతో నింపాడు. ఊపిరి అందని ప్రాణి పెద్ద వాక్యం పలకలేదు. బలం లేదు అని ఒక ఊపిరి, ధైర్యం చెదిరింది అని మరో ఊపిరి. చివరి పాదంలోనూ అంతే: ‘రావే ఈశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా’. ప్రాసస్థానంలో ‘వ’కారం నాలుగు పాదాల్లోనూ లావు, ఠావు, నీవే, రావే అంటూ తిరిగి తిరిగి తగులుతుంది, మునిగినవాడి చేయి మళ్లీ మళ్లీ పైకి లేచినట్టు.

దీనికి కొంచెం ముందే ఇంకా సాహసమైన కందం ఉంది. ‘కలడందురు దీనుల యెడ, కలడందురు పరమయోగి గణముల పాలం, గలడందు రన్ని దిశలను’ అని మూడు పాదాల్లో ఒకే క్రియ, అదీ లోకం చెప్పిన మాటగా. నాలుగో పాదంలో ‘కలడు కలండనెడు వాడు కలడో లేడో’. అప్పటిదాకా దేవుడి ఉనికికి సాక్ష్యం చెప్పిన మాటే చివరికి వచ్చేసరికి సందేహమైంది. పునరుక్తితో నమ్మకాన్ని పెంచడం అందరూ చేసేదే. పునరుక్తితోనే నమ్మకాన్ని అరగదీయడం పోతన చేసింది. భక్తికావ్యం నడుమ, రక్షించవలసిన దేవుడి ఉనికినే ప్రశ్నకు నిలబెట్టడానికి ఎంత తెగింపు కావాలి! ఆ తరువాత ‘నీవే తప్ప నితఃపరంబెరుగ’ అని పూర్తిగా శరణన్నాక సందేహం తీరిపోయిందా అంటే, అదీ లేదు. వెంటనే వచ్చే కందంలో ‘వినుదట, చనుదట, కనుదట’ అని మళ్లీ విన్నమాటల వరస, ఆ వెనుకనే ‘సందేహమయ్యె గరుణావార్ధీ’ అన్న ఒప్పుకోలు. శరణాగతి తర్వాత కూడా భయం తిరిగి వస్తుందని ఒప్పుకున్న కవి కనుకనే గజేంద్రుడి మొర మనకు నిజంగా వినబడుతుంది.

రక్షించేవాడి వైపు చూపే పద్యమూ ఇదే దారిలో ఉంది. ‘సిరికిం జెప్పడు’ పద్యంలో విష్ణువు ఏం చేశాడో కంటే ఏం చేయలేదో చెబుతాడు పోతన. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, చక్కనొత్తడు, వీడడు. ఆరు వ్యతిరేక క్రియలు. ఆయుధం చేత పట్టకుండా, పరివారాన్ని పిలవకుండా, వాహనాన్ని సిద్ధం చేయించకుండా బయలుదేరిన దేవుడు అక్కడ కనబడతాడు. తెగింపు అంటే ఏమేం వదిలి బయలుదేరామో అన్న లెక్క అని వ్యతిరేక క్రియలతోనే చెప్పగలిగాడు. పరుగు అన్న మాట వాడకుండానే పరుగు కనబడుతుంది.

ఇప్పుడు మన కాలానికి వస్తాను. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో రాసిన తేటగీతి తెలంగాణలో పాఠశాల విద్యార్థికి కూడా వస్తుంది. ‘ఓ నిజాము పిశాచమా! కానరాడు నిన్ను బోలిన రాజు మాకెన్నడేని, తీగలను తెంపి అగ్నిలో దింపినావు, నా తెలంగాణ కోటి రతనాల వీణ’. దీన్ని నిర్భయ కవిత్వానికి ఉదాహరణగా చూపుతారు. నేను చదివే తీరు కొంచెం వేరు. పిశాచం అంటే చీకట్లో మనిషి జడుసుకునేది. రాజును పిశాచం అని పిలవడంలో ద్వేషంతో పాటు, నువ్వు మమ్మల్ని ఎంత భయపెట్టావో నాకు తెలుసు అన్న ఒప్పుకోలు కూడా ఉంది. ఆ భయాన్ని గుండెలో ఉంచుకోకుండా ఎదుట నిలబెట్టి ‘ఓ’ అని పిలవడం సంబోధన చేసిన పని. పేరు పెట్టి పిలిచాక పిశాచం ఎదురుగా నిలబడక తప్పదు. పాదాల వరస కూడా గమనించదగ్గది. మూడో పాదంలో తీగలు తెగిపోయాయి, నిప్పుల్లో పడిపోయాయి. ఆ నష్టం జరిగిపోయినట్టే చెప్పాడు. నాలుగో పాదంలో క్రియే లేదు. తీగలు తెగిన తరువాత కూడా నా తెలంగాణ వీణే అన్న ప్రకటన ఆ క్రియ లేని వాక్యంలో ఉంది. ఈ రెండు పాదాల వరస మార్చి, ముందు వీణను పొగిడి తరువాత నిప్పుల్ని చూపితే అది విలాపమయ్యేది.

దాశరథి ఒంటరి గొంతుతో, దొరికిపోయే చోట రాశాడు. అదే సంబోధనను నల్లగొండ పల్లెలు వేరే తీరుగా వాడుకున్నాయి. బండి యాదగిరి ‘బండెనక బండి గట్టి’ పాటలో నైజాము సర్కారును ‘కొడకో’ అంటాడు. అక్కడ పిశాచం లేదు. పెద్దరికం మొత్తం పాడేవాడి వైపు వచ్చేసింది. ఈ మార్పు ఎట్లా సాధ్యమైందో పాట నిర్మాణమే చెబుతుంది. అది ఒకడు పాడి పదిమంది అందుకునే పాట. ఒకడు నిలబడి సర్కారును కొడకా అంటే అతణ్ణి పట్టుకుపోతారు. ఊరంతా వంత పాడితే ఆ మాట ఎవరిదో తేల్చడం కష్టం. పల్లవి తిరిగి తిరిగి రావడం చెవికింపు కోసమే అయితే మన జానపదం ఇంత బతికేది కాదు. తిరిగి వచ్చిన ప్రతిసారీ భయం ఇంకొందరికి పంచబడి, ఒక్కొక్కరి వంతు తగ్గుతుంది. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కాల్పుల్లో నేలకొరిగిన తరువాత ఈ ఊళ్లలో మనుషులకు భయం ఉండలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఉన్నది కనుకనే వంత అవసరమైంది.

ఆ పాటలోనే ఇంకో నేర్పు ఉంది. ‘చుట్టుముట్టు సూర్యాపేట, నట్టనడుమ నల్లగొండ’ అని మొదలుపెట్టి, హైదరాబాదు మీదుగా గోల్కొండ ఖిల్లా కింద గోరీ దాకా వెళుతుంది. ఊళ్ల పేర్లు వరసగా చెప్పడం పైకి మామూలు జాబితా. కాని ఆ వరసలో పల్లెలు సర్కారును చుట్టుకొని బిగుస్తూ ఒక్క సమాధి దగ్గర ఆగుతాయి. తుపాకి ఉన్నవాడు ఊరిని చుట్టుముట్టడం ఆ రోజుల్లో జనం కళ్లారా చూసినదే. తమను చుట్టుముట్టిన భయాన్నే తిప్పి, దాంతోనే సర్కారును చుట్టుముట్టారు. సూర్యాపేట, నల్లగొండ నడుమ బస్సులో పోతున్నప్పుడు ఆ చరణం నాకు ఇప్పటికీ దారి పటంలా కళ్ల ముందు పరుచుకుంటుంది.

అదే కాలంలో సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పూర్తిగా వేరే గొంతు. బుర్రకథలతో, పాటలతో జనాన్ని కదిలించిన మనిషి ఇక్కడ గొంతు తగ్గించి, పశువులు కాసే పిల్లవాడితో మెల్లగా మాట్లాడతాడు. ‘పాలు మరిచి ఎన్నాళ్లయిందో, ఓ పాలబుగ్గల జీతగాడా’. పాలబుగ్గలు, జీతగాడు: పక్కపక్కన ఉండకూడని రెండు మాటల్ని కవి ఒక్క పిలుపులో కట్టాడు. దొర పట్ల కోపాన్ని ఎంత పెద్ద మాటతో చెప్పినా ఈ రెండు మాటల నడుమ ఉన్న ఖాళీకి సాటిరాదు. ‘పసులగాసే మొనగాడా’ అనడంలోనూ అంతే. మొనగాడు అన్న బిరుదు ఆ పసివాడి భుజానికి చాలా పెద్దది. కవి ప్రశ్న అడుగుతాడు కాని జవాబు ఆశించడు. వింటున్న పెద్దవాళ్లు తమ పిల్లల్ని తలుచుకుంటారు. ప్రాణానికి తెగించి, పోరాటం నడిపిన సంఘంలో చేరడానికి మనిషిని కదిలించేది తన చావు భయాన్ని మించిన ఇంకో భయం, పిల్లలు కూడా ఇట్లాగే బతకాలేమో అన్న భయం. హనుమంతు దాన్ని తట్టి లేపాడు. పోరాట పాటల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

కవి తనకు తానుగా తీసుకునే ప్రమాదం గురించి శ్రీశ్రీ ‘ఆః!’ అనే చిన్న కవిత రాశాడు. 1950లో వచ్చిన మహాప్రస్థానంలో ఉంది. నిప్పులు చిమ్ముకుంటూ తాను నింగికి ఎగిరితే జనం ఆశ్చర్యంతో..., నెత్తురు కక్కుకుంటూ నేలకు రాలితే ఆ జనమే దయలేకుండా... అంతే, ఏ వాక్యమూ పూర్తికాదు. రెండు సగాలూ ఒకే తూకంతో, ఒకే ‘న’కారపు ఆవృత్తితో నడుస్తాయి కనుక ఎగరడానికీ రాలడానికీ శబ్దంలో తేడా లేదు. తేడా చెప్పవలసిన క్రియను కవి రెండుసార్లూ మింగేశాడు. ఫలితం తెలియకుండా దూకినవాడి వాక్యానికి చివర క్రియ ఎట్లా వస్తుంది?

నిజాముకు ముఖం ఉంది, దొరకు కోటలాంటి గడి ఉంది. ముఖం లేని భయం వచ్చినప్పుడు సంబోధన పనిచేయడం మానేస్తుంది. ఎవరిని ‘కొడకో’ అనాలో తెలియదు. పాలమూరు కవి గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో కనిపించని కుట్రల’ అన్నప్పుడు ఆ ‘కనిపించని’ దగ్గరే మన కవిత్వం మలుపు తిరిగింది. ఎదురుగా శత్రువు లేడు కనుక ఆయన ఆనవాళ్ల జాబితా పట్టుకున్నాడు. ‘కుమ్మరి వామిలో తుమ్మలు మొలిచెను, కమ్మరి కొలిమిలో దుమ్ము పేరెను’. కుమ్మరి, తుమ్మ, కమ్మరి, దుమ్ము అని ప్రాస ఎంత తియ్యగా పలుకుతుందో, చూపిస్తున్న దృశ్యం అంత పాడుబడి ఉంటుంది. చేతిపని చేసే మనిషి ఆ పాదాల్లో ఎక్కడా లేడు. ఎక్కడికి పోయాడో మహబూబ్‌నగర్ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో పోయాడు.

నల్లగొండకు అట్లాంటి ముఖం లేని భయం నీళ్లలో ఉంది. ‘చూడు చూడు నల్లగొండ, గుండె మీద ఫ్లోరైడు బండ’ అన్న పాట తెలంగాణ ఉద్యమకాలంలో ఊరూరా మోగింది. కొండకూ బండకూ ప్రాస కుదిరింది కదా అని దాటిపోతాం. ఆ ఫ్లోరైడు నిజంగానే బండల నుంచి వస్తుంది. ఈ నేల కింది గ్రానైటు శిలల్లోని ఖనిజాల నుంచి అది ఏళ్ల తరబడి భూగర్భజలంలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో దాటిపోయింది, ఎముకలు వంకరపోయిన మనుషులు అందుకు సాక్ష్యంగా మిగిలారు. భారానికి ప్రతీకగా చెప్పిన బండ, జబ్బుకు మూలమైన బండ ఒకటే కావడం వల్ల ఆ రూపకం వాస్తవంతో కలిసిపోయింది. చప్పుడు లేకుండా, ఒక్క రోజులో కాకుండా వచ్చే ఆపదను పాటలో పట్టడం కష్టం. చేత్తో తాకగలిగిన బరువైన వస్తువుగా దాన్ని మార్చినందుకే అది జనం నాలుక మీద నిలిచింది.

ఈ ఆలోచనలన్నీ నాలో మళ్లీ కదలడానికి కారణం మా విద్యార్థిని ఒకామె రాసిన కవిత. వాళ్ల నాన్న బోరు వేయించిన రాత్రి గురించి రాసింది. సాహసం అంటే మనకు తుపాకులు, జైళ్లే గుర్తుకొస్తాయి కాని, ఈ జిల్లాలో అప్పు తెచ్చి, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీటిజాడ చూసిన చోట రిగ్గు పెట్టించే రైతు చేసేదాన్ని నేను సాహసమనే అంటాను. కవితలో ప్రతి పాదం ‘నీళ్లు పడితే’ అని మొదలవుతుంది. నీళ్లు పడితే మిత్తి (వడ్డీ) కట్టవచ్చు, నీళ్లు పడితే అక్క పెళ్లి, నీళ్లు పడితే బత్తాయి తోట ఎండదు. ‘పడకపోతే’ అన్న మాట కవిత మొత్తంలో ఒక్కసారి కూడా లేదు. చివర, తెల్లటి దుమ్ము తప్ప ఏమీ పైకి రానప్పుడు, రిగ్గు మనిషితో నాన్న ‘ఇంకో వంద ఫీట్లు దించు’ అంటాడు. అంతటితో ఆపేసింది.

ఒక పోటీకి పంపితే, కవిత బాగుంది కాని నిరాశగా ముగిసింది, ఆశ కలిగించే రెండు పాదాలు చేర్చమని న్యాయనిర్ణేతలు సూచించారు. ఆమె నా దగ్గరికి వచ్చి, “ఇది నిరాశ ఎట్లయితది సార్? నాయిన ఇంకా దించుమనే అన్నడు గదా” అన్నది. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఆ ఆజ్ఞలో భయమూ ఉంది, తెగింపూ ఉంది, రెండిటినీ విడదీయడం కుదరదు. విడదీస్తే ఒకవైపు ఏడుపు, ఇంకోవైపు నినాదం మిగులుతాయి. ‘నీళ్లు పడితే’ అని పదే పదే అన్నప్పుడు ఆ ‘పడితే’ ఒక్కొక్క పాదానికీ ఎంత బరువెక్కిందో, కలడందురు అన్న మాట గజేంద్రుడి నోట ఎట్లా బరువెక్కిందో, నేను ఆమెకు ఆ రోజే పక్కపక్కన పెట్టి చూపించాను. పోతన పద్యం ఆమెకు ముందే కంఠతా వచ్చు, కాని అందులో వాళ్ల నాన్న వంటి మనిషి ఉన్నాడని ఎవరూ చెప్పలేదట.

ఆమె పాదాలు చేర్చలేదు, బహుమతీ రాలేదు. ఆ నిర్ణయం సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇప్పుడు తరగతిలో అలంకారం పేరు చివర అడుగుతున్నాను. ముందుగా ఈ పద్యంలో మనిషి ఏ పాదంలో భయపడ్డాడు, ఆ వెంటనే కవి ఏ మాటను తిరిగి పలికించాడు, ఏ మాటను పలకకుండా ఆపాడు అని అడుగుతున్నాను. జవాబులు ఇంకా తడబడుతూనే వస్తున్నాయి, కాని విద్యార్థులు పద్యాన్ని మళ్లీ మొదటి పాదం నుంచి చదువుతున్నారు.